మళ్లా యాడ్నుంచి వచ్చింది?

పులికాట్ ఒడ్డు ఊళ్ల నుంచి పెద్దాసుపత్రులకు తిరిగే కుటుంబాలు అడిగే ప్రశ్న ఇది. బ్లడ్ క్యాన్సర్ మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త రవి మాజేటి పరిశోధన ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

సూళ్లూరుపేట స్టేషన్‌లో పొద్దున్నే మద్రాసు వైపు లోకల్ ఎక్కేవాళ్లలో ఉద్యోగస్తులుంటారు, చేపల బుట్టలవాళ్లుంటారు. వాళ్ల మధ్య ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా కూర్చునేవాళ్లు కొందరు ఉంటారు. కవర్లో మడతలు పడిన రక్తపరీక్ష కాగితాలు, ఆసుపత్రి ఫైలు. కొందరు అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి పోతారు. కొందరు గూడూరు మీదుగా తిరుపతికి, ఇంకొందరు వేలూరుకు. ఇరకం దీవిలో వాళ్లయితే ముందు పడవెక్కి భీములవారిపాళెం రేవుకు రావాలి, ఆ తర్వాతే తడ, ఆ తర్వాతే బండి. చలికాలంలో ఫ్లెమింగోలను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం పులికాట్ సరస్సుకు వస్తుంటే, అదే దారిన వీళ్లు ఎదురు పోతుంటారు.

వాళ్లతో మాట కలిపితే వ్యాధి పేరు కంటే ముందు ఒక ప్రశ్న బయటికి వస్తుంది. “తగ్గిపొయ్యిందన్నారు గదా. రిపోర్టులో ఏమీ లేదన్నారు గదా. మళ్లా యాడ్నుంచి వచ్చింది?”

ఈ మాటలో కోపం ఉంటుంది, అప్పుల భయం ఉంటుంది, ఎవరో మోసం చేశారేమోనన్న అనుమానం కూడా ఉంటుంది. అయితే ప్రశ్న మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. రక్త క్యాన్సర్ల శాస్త్రంలో గత డెబ్బై అయిదేళ్ల కథను ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను ఈ ప్రశ్నే చెబుతాను. చదువుకున్నవాళ్లు ప్రయోగశాలల్లో వేసుకున్న ప్రశ్నా, రైల్లో కూర్చున్న తల్లి వేసిన ప్రశ్నా ఒకటే.

భీమవరం కుర్రాడి మందు

తెలుగువాళ్లకు ఈ కథ ఎల్లాప్రగడ సుబ్బారావు దగ్గర మొదలవుతుంది. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు మింగేసింది. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో చేరి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు పనికొచ్చే పదార్థం అదే.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం తరహా మందులు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గకపోగా ఇంకా జోరందుకుంది. అంటే క్యాన్సర్ కణాలు దాన్ని తిని పెరుగుతున్నాయి. అలాంటప్పుడు దాన్ని అందకుండా చేసే మందు ఉంటే? సుబ్బారావు బృందం అలాంటి మందును, అమినోప్టెరిన్‌ను, తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి తగ్గింది. మందనేదే లేని జబ్బుకు మొదటిసారి ఒక మందు పనిచేసింది. అది అచ్చయిన రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు.

ఆ పది మంది కథలో తర్వాతి భాగాన్ని మనం తక్కువగా చెప్పుకుంటాం. తగ్గింది, కానీ తాత్కాలికంగానే. కొన్ని వారాలకో నెలలకో జబ్బు తిరిగొచ్చింది. ఫార్బర్ తన వ్యాసంలో ఆ మాట దాచలేదు, పేరులోనే తాత్కాలికమని రాశాడు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. మంచి ఆసుపత్రుల్లో, పూర్తి కోర్సు వాడిన పిల్లల్లో పదికి తొమ్మిది మందిదాకా బతుకుతున్నారు. కానీ పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చే ఎక్యూట్ మైలాయిడ్ లుకేమియా, డాక్టర్లు ఏఎంఎల్ అనేది, అంత తేలిగ్గా లొంగలేదు. 1973 నుంచి ఏడు రోజులు ఒక మందు, మూడు రోజులు ఇంకొక మందు అన్న లెక్కే దానికి మూలచికిత్స. చాలామందికి మొదటి విడతలోనే తగ్గుతుంది. చాలామందికి తిరిగి వస్తుంది.

యాడ్నుంచి?

రెండున్నర లక్షల్లో ఒకటి

మన ఎముకల్లోని మూలుగ రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వేరే. ఈ కణాల్లో చాలావరకు ఎక్కువకాలం బతకవు. ఎర్రకణం ఆయుష్షు నాలుగు నెలలు. మరి డెబ్బై ఏళ్లు, ఎనభై ఏళ్లు ఈ ఉత్పత్తి ఆగకుండా సాగుతోందంటే అడుగున ఏవో కొన్ని కణాలు తరగకుండా ఉండాలి. 1961లో కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకలా అనే ఇద్దరు ఎలుకల మీద ప్రయోగాలతో అలాంటి కణాలున్నాయని చూపించారు. వాటినే మూలకణాలంటాం. మూలకణం విడిపోయినప్పుడు పుట్టిన వాటిలో కొన్ని రక్తకణాలుగా మారే దారి పడతాయి, కొన్ని మూలకణాలుగానే మిగులుతాయి. వంశం నిలబడేది అలాగే.

అదే టొరంటోలో 1994లో జాన్ డిక్ అనే శాస్త్రవేత్త లుకేమియాకూ ఇలాంటి వంశవృక్షమే ఉందని చూపించాడు. రోగుల క్యాన్సర్ కణాలను రోగనిరోధకశక్తి లేని ఎలుకల్లోకి ఎక్కించాడు. అన్ని కణాలూ జబ్బును పుట్టించలేకపోయాయి. సుమారు రెండున్నర లక్షల కణాలకు ఒకటి మాత్రమే కొత్త ఒంట్లో లుకేమియాను మొదటినుంచి లేపగలిగింది. మిగతావి ఎంత గుంపుగా ఉన్నా కొన్నాళ్లకు ఆగిపోయేవే.

వరిమడిలో తుంగ పీకినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పైన కనిపించే ఆకంతా పీకేస్తే మడి శుభ్రంగా కనిపిస్తుంది. అడుగున గడ్డ మిగిలితే మూడో వారానికి మళ్లీ తుంగే. కీమో మందులు వేగంగా పెరిగే కణాల మీద బాగా పనిచేస్తాయి. లుకేమియా మూలకణాల్లో చాలావరకు నెమ్మదిగా, ఒక్కోసారి నిద్రలో ఉన్నట్టు ఉంటాయి. మూలుగ పరీక్షలో క్యాన్సర్ పసికణాలు 5 శాతంకన్నా తగ్గితే తగ్గిందనే రాస్తారు. ఆ మాట అబద్ధం కాదు. ఆ రోజుకు సూక్ష్మదర్శినికి కనిపించినంత మేరకు అది నిజం.

ఇక్కడిదాకా వచ్చాక ఒక యువ డాక్టరు రంగంలోకి దిగాడు.

వార్డు నుంచి ప్రయోగశాలకు

రవీంద్ర మాజేటి. అందరూ రవి మాజేటి అంటారు. ఇంటిపేరు తెలుగునాట ఎరిగినదే. హార్వర్డ్‌లో డిగ్రీ, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వైద్యం, పీహెచ్‌డీ రెండూ. పీహెచ్‌డీ ఆర్థర్ వైస్ దగ్గర చేశాడు. రోగనిరోధక కణాల పైపొర మీద ఉండే సీడీ45 అనే ప్రోటీన్ ఎలా అదుపులో ఉంటుందన్నది విషయం. ఆ ప్రోటీన్‌లో ఒక్క చిన్న మార్పు జరిగితే ఎలుకల్లో తెల్లకణాలు అదుపు తప్పి పెరుగుతాయనీ, ఒళ్లు తన మీద తానే తిరగబడుతుందనీ 2000లో ‘సెల్’ పత్రికలో ప్రచురించాడు. కణం పైపొర మీది గుర్తులు చదవడం ఆయనకు అప్పుడే అలవాటైంది. తర్వాత చేసిన పెద్ద పనులన్నిటికీ ఆ చూపే పనికొచ్చింది.

బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో రెసిడెన్సీ చేసి, స్టాన్‌ఫర్డ్‌లో రక్తవ్యాధుల శిక్షణకు వచ్చాడు. అక్కడే ఇర్వింగ్ వైస్‌మన్ ప్రయోగశాలలో చేరాడు. 1988లో ఎలుక రక్తపు మూలకణాలను మొదటిసారి విడదీసి చూపించిన బృందానికి పెద్ద వైస్‌మనే. గురువుకు మూలకణాలు తెలుసు. శిష్యుడు ఏఎంఎల్ రోగులను వార్డులో చూస్తూ వచ్చినవాడు. ఈ కలయికే ఆయన దారిని నిర్ణయించిందని నాకనిపిస్తుంది. ప్రయోగశాలలోనే పెరిగినవాడికి తిరగబెట్టిన జబ్బు ఒక గ్రాఫులో గీత. మంచం పక్కన నిలబడి ఆ వార్త చెప్పాల్సివచ్చినవాడికి అది వేరు.

మొదటి పని ఓపిక కోరే పని. జబ్బుపడిన మూలకణాన్ని గుర్తుపట్టాలంటే ఆరోగ్యంగా ఉన్నది ఎలా ఉంటుందో ముందు తెలియాలి. కాన్పు తర్వాత పారేసే బొడ్డుతాడులో మిగిలిన రక్తాన్ని తీసుకుని, మనిషి రక్తపు మూలకణం నుంచి కిందికి మెట్లెలా దిగుతాయో 2007లో వరస కట్టి చూపించాడు. ఇలాంటి పనికి పతాక శీర్షికలు రావు. కానీ ఇది లేకపోతే తర్వాతివేవీ లేవు.

2009లో వచ్చింది పేరు తెచ్చిన పని. మన ఒంట్లో మాక్రోఫేజ్‌లని కావలి కణాలుంటాయి. పాడైన కణాలను, క్రిములను మింగేయడం వాటి డ్యూటీ. సొంత కణాలను మింగకుండా ఉండటానికి ఒక ఏర్పాటుంది. కణాల పైపొర మీద సీడీ47 అనే ప్రోటీన్ ఉంటుంది. అది మాక్రోఫేజ్‌ను తాకగానే ‘నన్ను తినకు’ అన్న సంకేతం అందుతుంది. ఎర్రకణాలు ముసలివైనకొద్దీ ఈ రక్షణ సడలిపోతుంది, అప్పుడు వాటిని మింగేస్తాయి. మాజేటి, వైస్‌మన్, సహచరులు ఏఎంఎల్ మూలకణాలను చూస్తే ఆరోగ్యవంతమైన వాటికంటే ఎక్కువ సీడీ47 కప్పుకుని ఉన్నాయి. అది ఎక్కువగా ఉన్న రోగులు తక్కువకాలం బతికారని పాత రోగుల వివరాలు చూసినా తేలింది. ఆ ప్రోటీన్‌ను మూసేసే యాంటీబాడీని ఎలుకలకు ఇస్తే, మాక్రోఫేజ్‌లు లుకేమియా కణాలను, వాటి మూలకణాలతో సహా, మింగేశాయి.

ఆ రోజుల్లో ఈ రంగంలో వచ్చిన ఉత్సాహం ఊహించుకోవచ్చు. అన్నేళ్లుగా అందరూ క్యాన్సర్ కణాన్ని విషంతో చంపాలని చూశారు. ఇక్కడ ఒంట్లో ఉన్న కావలివాళ్ల కళ్లకు కట్టిన గంత విప్పితే చాలన్నారు. కాలిఫోర్నియా ప్రజలు ఓటు వేసి పెట్టుకున్న ప్రభుత్వ మూలకణ సంస్థ నిధులిచ్చింది. విశ్వవిద్యాలయంలోనే మనుషులకు పనికొచ్చే మందుగా దాన్ని మలిచారు. ఫార్టీ సెవెన్ అనే కంపెనీ పుట్టింది. మందుకు మాగ్రోలిమాబ్ అని పేరు. 2018లో లింఫోమా అనే మరో రక్త క్యాన్సర్ మీద జరిగిన ఒక ప్రయోగంలో, అన్ని మందులూ పనిచేయడం మానేసిన 22 మందిలో సగం మందికి ఇది, రిటుక్సిమాబ్ అనే మందుతో కలిపి ఇస్తే, ఫలితమిచ్చింది. 2020లో గిలియడ్ కంపెనీ ఫార్టీ సెవెన్‌ను 490 కోట్ల డాలర్లకు కొన్నది.

తర్వాత పెద్ద ప్రయోగాలు జరిగాయి. వందలమంది రోగులు, ఒక వర్గానికి మందు, ఇంకొక వర్గానికి మామూలు చికిత్స. 2023 జులైలో మొదటిది ఆపేశారు, ఉపయోగం లేదని. సెప్టెంబరులో రెండోది. 2024 ఫిబ్రవరిలో మూడోది. ఆ మూడోదాంట్లో మందు తీసుకున్నవాళ్లలో ఇన్ఫెక్షన్లతో, శ్వాస ఆడక చనిపోయినవాళ్లు ఎక్కువయ్యారు. రక్త క్యాన్సర్లలో మాగ్రోలిమాబ్ కథ అక్కడితో ముగిసింది.

ఈ ఓటమిని నేను దాచిపెట్టి రాయలేను. మన పత్రికల్లో ‘క్యాన్సర్‌కు మందు కనిపెట్టిన తెలుగు తేజం’ అనే వార్తలు తరచూ వస్తాయి. ఆ తర్వాత ఆ మందు ఏమైందో రాసేవాళ్లు తక్కువ. రోగి కుటుంబం ఆ వార్తను కత్తిరించి ఫైల్లో పెట్టుకుని డాక్టరు దగ్గరకు పోతుంది. సీడీ47 ఆరోగ్యంగా ఉన్న ఎర్రకణాల మీద కూడా ఉంటుంది, అందుకే మొదటినుంచీ రక్తహీనత సమస్య ఎదురైంది. ఎలుకలో నెగ్గినది, చిన్న ప్రయోగంలో ఆశ పెట్టినది, ముసలి ఒళ్లూ నీరసపడిన ఊపిరితిత్తులూ ఉన్న మనిషి దగ్గర ఓడిపోవచ్చు. అది తెలుసుకోవడానికే ఆ మూడు ప్రయోగాలు. వాటిలో పేరిచ్చిన ప్రతి రోగీ ఆ జవాబుకు తన వంతు ఇచ్చాడు.

జబ్బుకు ముందున్న జబ్బు

మాజేటి పనిలో అసలు గొప్పది సీడీ47 కాదని నా అభిప్రాయం. 2012లో, ఆ తర్వాత 2014లో ఆయన బృందం ప్రచురించిన రెండు పరిశోధనలు నాకు అంతకంటే లోతుగా కనిపిస్తాయి. రైల్లో ఆ తల్లి అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేవి అవే.

ఏఎంఎల్ రోగుల మూలుగలో క్యాన్సర్ కణాలతోపాటు మామూలు మూలకణాలు కూడా కొన్ని మిగిలి ఉంటాయి. చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటాయి, రక్తాన్ని మామూలుగానే తయారుచేస్తాయి. 2012లో ఆరుగురు రోగుల దగ్గర ఈ రెండు రకాలనూ విడదీసి వాటి జన్యువులను పక్కపక్కన పెట్టి చదివారు. లుకేమియాలో ఉన్న తప్పుల్లో కొన్ని, అన్నీ కాదు, ఆ ఆరోగ్యంగా కనిపించే మూలకణాల్లో కూడా ఉన్నాయి. అంటే జబ్బు ఒక్క రోజున పుట్టలేదు. ఎప్పుడో ఒక మంచి మూలకణంలో మొదటి తప్పు పడింది. అది మామూలుగానే బతికింది, సంతానాన్ని కన్నది. ఆ సంతానంలో ఒకదానిలో రెండో తప్పు, తర్వాత మూడోది. ఆఖరి తప్పు పడిననాడు లుకేమియా బయటపడింది. మధ్యలో ఏళ్లు గడిచాయి. ఆ దశలో ఉన్న కణాలకు లుకేమియా పూర్వకణాలని పేరు పెట్టారు.

2014 పరిశోధన ఇంకో అడుగు వేసింది. కీమో అయిపోయి, తగ్గిందని రాసిన తర్వాత కూడా ఆ పూర్వకణాలు మూలుగలో మిగిలే ఉన్నాయి. డీఎన్‌ఎమ్‌టీ3ఏ, టెట్2 వంటి జన్యువుల్లో పడే తొలి తప్పులు చాలావరకు కణం తన జన్యువులను ఎలా చదువుకోవాలో నిర్ణయించే వాటిలోనివి. ఆఖర్న వచ్చేవి కణాన్ని తొందరగా పెంచేవి. కీమో ఆఖరి కొమ్మలను నరికింది, తొలి కణం అక్కడే ఉంది. అదే ఏడాది జాన్ డిక్ బృందం కూడా ఇదే తేల్చింది. ఇంకా ఒక విషయం. వైస్‌మన్ ప్రయోగశాలలో మాజేటితో కలిసి సీడీ47 మీద పనిచేసిన సిద్ధార్థ జైస్వాల్, 2014లోనే, రక్తజబ్బులతో సంబంధం లేకుండా ఎంచుకున్న వేలమంది రక్తం పరీక్షించిన పరిశోధనలో ముందు నిలిచాడు. డెబ్బై దాటినవాళ్లలో సుమారు పదిమందికి ఒకరిలో ఇలాంటి తొలి తప్పు ఉన్న రక్తకణాల గుంపు కనిపించింది. వాళ్లలో అందరికీ లుకేమియా రాదు. చాలామందికి ఎప్పటికీ రాదు. కానీ రాకముందే గుర్తుపట్టే దారి ఒకటి తెరుచుకుంది.

2015లో ఇదే బృందం నుంచి వచ్చిన మరో పని ఇప్పటికే ఆసుపత్రుల్లో పనికొస్తోంది. ఐడీహెచ్ అనే జన్యువుల్లో తప్పున్న ఏఎంఎల్ కణాలు, చావకుండా ఉండటానికి బీసీఎల్-2 అనే ప్రోటీన్ మీద ఆధారపడి బతుకుతాయని తేల్చారు. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ మాత్రను అజాసిటిడిన్ అనే మందుతో కలిపి, గట్టి కీమో తట్టుకోలేని పెద్దవయసు రోగులకు ఇస్తే రోగుల్లో సగం మంది బతికి ఉన్న కాలం 9.6 నెలల నుంచి 14.7 నెలలకు పెరిగిందని 2020లో వచ్చిన పెద్ద ప్రయోగం చెప్పింది. అయిదు నెలలు. చిన్న లెక్కలా కనిపించవచ్చు. ఇంట్లో పెద్దాయన ఇంకో సంక్రాంతి చూశాడన్నది దాని అర్థం.

2022లో మాజేటి స్టాన్‌ఫర్డ్ మూలకణ పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యాడు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నది ఆయన గురువు వైస్‌మన్.

వేలూరు చూపిన దారి

ఇదంతా కాలిఫోర్నియా సంగతి, మనకేం ఒరిగిందని అడగవచ్చు. చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రి 1986లోనే మూలుగ మార్పిడి మొదలుపెట్టింది. అక్కడే జరిగిన ఇంకో పని మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఏఎంఎల్‌లో ప్రోమైలోసైటిక్ అని ఒక రకం ఉంది. రక్తం గడ్డకట్టక రోజుల్లోనే ప్రాణం తీసే రకం. చైనాలోని హార్బిన్ డాక్టర్లు దీనికి ఆర్సెనిక్, అంటే పాషాణం, పనిచేస్తుందని కనిపెట్టారు. విదేశాల నుంచి ఆ మందు కొనాలంటే మన రోగుల తరం కాదు. సీఎంసీ తన ఫార్మసీలోనే దాన్ని తయారుచేసుకుంది. విక్రమ్ మాథ్యూస్, ఆయన సహచరులు 1998 నుంచి 72 మంది కొత్త రోగులకు ప్రధానంగా ఆర్సెనిక్ ఒక్కదానితోనే వైద్యం చేస్తే 86 శాతం మందికి తగ్గింది. వాళ్లలో ఎక్కువమందికి తిరిగి రాలేదు. కారణం ఏమిటంటే, ఈ రకం లుకేమియాను పుట్టించే తప్పుడు ప్రోటీన్‌నే ఆర్సెనిక్ విరగ్గొడుతుంది. మూలకణంతో సహా జబ్బు పోతుంది. మూలకణం దాకా పోయే మందు దొరికితే ఏం జరుగుతుందో ప్రపంచానికి చూపించిన చోట్లలో మన పొరుగూరు ఒకటి.

దీనికి ఎదురుగా ఇంకో జబ్బును పెట్టి చూడాలి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, సీఎంఎల్. 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చాక ఈ జబ్బున్నవాళ్లలో చాలామంది మామూలుగా బతుకుతున్నారు. నెలకు లక్షా ఇరవై వేలు పలికిన ఆ మాత్రను హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2003లో చాలా తక్కువ ధరకు తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు పేటెంట్ వాదనను తోసిపుచ్చడంతో ఆ దారి నిలబడింది. కానీ ఇమాటినిబ్ సీఎంఎల్ మూలకణాలను పూర్తిగా చంపదు. అణిచి ఉంచుతుంది, అంతే. కనీసం రెండేళ్లపాటు అతి సూక్ష్మమైన పరీక్షలో కూడా ఏమీ కనిపించనివాళ్లకు, డాక్టర్ల కనుసన్నల్లో, మాత్ర ఆపి చూస్తే పదిమందిలో నలుగురికే జబ్బు తిరిగి రాలేదని ఫ్రాన్స్‌లో జరిగిన ప్రయోగం చెప్పింది. అంత పరీక్షించి ఆపినా ఆరుగురికి తిరిగొచ్చింది. ‘బాగానే ఉంది గదా’ అని ఇంట్లో తామే మాత్ర మానేసినవాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది?

ఒడ్డున ఉన్న పని

ఈ తీరంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. జబ్బు చంపినవాళ్లకంటే, తగ్గాక చికిత్స మధ్యలో వదిలేసి చేజేతులా పోగొట్టుకున్నవాళ్ల కథలు ఎక్కువ గుచ్చుకుంటాయి. పిల్లల లుకేమియాలో మొదటి నెలకే తగ్గుతుంది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా మందులుంటాయి, వారానికోసారి సుబ్బారావు పరంపరలోని మెథోట్రెక్సేట్, రోజూ ఇంకో మాత్ర. పిల్లాడు ఆడుకుంటున్నాడు, బడికి పోతున్నాడు. వేట సీజను వచ్చింది, పడవ అప్పుంది, బండి ఛార్జీలున్నాయి, కూలి పోతుంది. ఒక నెల తప్పుతుంది, రెండు నెలలు తప్పుతాయి. ఇందులో తల్లిదండ్రుల తప్పు ఎంత? అడుగున ఏదో మిగిలే ఉందని, దానికోసమే ఈ రెండేళ్లని వాళ్లకు అర్థమయ్యేటట్టు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? వైద్యశాస్త్రం లుకేమియా మూలకణాన్ని కనిపెట్టి ముప్పై ఏళ్లయింది. ఆ మాట ఇరకం దీవికి చేరడానికి ఇంకా ఎంతకాలం కావాలి?

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టాటా ట్రస్టుల సాయంతో అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. ఆరోగ్యశ్రీగా జనం ఎరిగిన ప్రభుత్వ వైద్య పథకం ఉంది. పడకలూ మందులూ ముందుకంటే దగ్గరయ్యాయి. ఇక కావలసింది సూళ్లూరుపేట, తడ, వాకాడు లాంటి చోట్ల నెలకోసారి రక్తపరీక్ష తీసి, మందులు చేతికిచ్చి, రానివాళ్ల ఇంటికి ఫోన్ చేసే ఒక మనిషి. ఆశా కార్యకర్తలు టీబీ రోగుల మాత్రలు లెక్కపెడుతున్నట్టే లుకేమియా పిల్లల మాత్రలూ లెక్కపెట్టగలరు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. జిల్లా వైద్య శాఖ తలుచుకుంటే ఈ ఏడాదే జరిగే పని.

కొందరికి మాత్రం మందులు చాలవు, మూలుగ మార్పిడి కావాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరితో జోడీ కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. కుదరనివాళ్లకు బయటి దాతలు కావాలి. చెన్నైలో దాత్రి అనే దాతల రిజిస్ట్రీ ఉంది. చెంప లోపలి నుంచి దూది పుల్లతో తీసే నమూనాతో పేరు నమోదవుతుంది. ఒకే ప్రాంతం, ఒకే సమాజం నుంచి దాతలు ఎక్కువైతే ఆ ప్రాంతపు రోగికి జోడీ దొరికే అవకాశం పెరుగుతుంది. కాలేజీల్లో చదివే మన ప్రాంతపు పిల్లలు ఈ పని చేయాలి.

జ్వరం వారాల తరబడి తగ్గకపోతే, మనిషి పాలిపోయి ఆయాసపడుతుంటే, చిగుళ్ల నుంచి రక్తం కారితే, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నల్లమచ్చలు పడితే ఒక్క పూర్తి రక్తపరీక్ష చేయించండి. మీ ఇంట్లో ఎవరికైనా లుకేమియా తగ్గిందని డాక్టరు చెప్పిన రోజున సంతోషించండి, ఆ తర్వాత రెండు మాటలు అడగండి. పదివేల కణాల్లో ఒకటి మిగిలినా పట్టుకునే పరీక్షలు ఇప్పుడున్నాయి, మాకు ఆ పరీక్ష అవసరమా? మళ్లీ ఏ తేదీన రావాలి? ఆ తేదీని క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి పెట్టుకోండి, ఆ రోజు వేట ఉన్నా, పెళ్లి ఉన్నా, ఒంట్లో బాగున్నా, తప్పకుండా వెళ్లండి.